మాట వరసకి

నమోదు 1

వాతావరణం: ఎండ, చిరుగాలి. టవర్లు: ఏడు తెప్పల మీదా ఏడూ నిటారుగానే ఉన్నాయి. ఫిర్యాదులు: ఊరంతా.

పొద్దున వంట తెప్ప నుంచి బయలుదేరిన ఇడ్లీ బండి మూడో తెప్పకీ నాలుగో తెప్పకీ మధ్య వంతెన మీద ఆగిపోయింది. దానికి డ్రైవరు ఉండడు. ముందుకెళ్ళు, పక్కకి తిరుగు అని వైర్‌లెస్‌లో వచ్చే మాటలు విని నడుస్తుంది. ఈ పూట మాట రాలేదు. సముద్రపు కాకులు మాత్రం వచ్చాయి. నాలుగో తెప్ప వాళ్ళు ఆకలితోనూ, అప్పటికే తినేసిన మూడో తెప్ప వాళ్ళు వినోదంగానూ చూస్తూ నిలబడ్డారు.

మా ఊళ్ళో వైర్‌లెస్ నెట్‌వర్కుని అందరూ గాలి అనే అంటారు. "మా ఇంట్లో గాలాడట్లేదండి" అని ఎవరైనా వస్తే కిటికీ తెరుచుకోమనకూడదు. అలా అనకుండా ఉండటమే నా ఉద్యోగంలో కష్టమైన భాగం. నా పేరు నూకరత్నం. తేలులంక మున్సిపాలిటీలో గాలి గది ఆఫీసర్నీ నేనే, మా ఇంట్లోనే ఉన్న ఆ గది ఊడ్చుకునేదాన్నీ నేనే. ఊరి పేరు విని తేళ్ళుంటాయేమోనని మా చుట్టాలు రారు. ఊరు సముద్రం మీద తేలుతుంది కాబట్టి ఆ పేరు. ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు.

ఇడ్లీ బండి ఎందుకు ఆగిందా అని వెతికితే చైర్మన్ చిట్టబ్బాయి గారి షష్టిపూర్తి దొరికింది. ఆ వీడియో ఆయన నిన్న ఊరందరికీ పంపారు. ప్రతి ఇంట్లోనూ గోడకి ఉండే గాలి పెట్టెలోకి అది ఇంకా దిగుతూనే ఉంది. హోమం దగ్గరికి వచ్చింది. భోజనాలు, సన్మానం మిగిలాయి.

మధ్యాహ్నం మా ఆయన వీర్రాజు అన్నానికి వస్తూ, చెయ్యి కూడా కడుక్కోకుండా తిన్నగా నా గదికి వచ్చారు. ఆయన కీళ్ళ మేస్త్రి. మనుషుల కీళ్ళు కావు, తెప్పకీ తెప్పకీ మధ్యనుండే ఇనుప కీళ్ళు. అల వచ్చి ఒక తెప్ప పైకి లేచినప్పుడు అది పక్క తెప్పకి "లేచాను" అని గాలిలో చెబుతుంది. వెంటనే ఆ మధ్య కీలు వదులవుతుంది. "దిగాను" అనగానే బిగుస్తుంది. పిసరంత మాటలే, కానీ ఆలస్యమైతే కీలు విరుగుతుంది.

"రత్నం, ఆరో కీలు ఈ పూట కుయ్యోమందే! లేచానన్న మాట తెప్ప దిగిపోయాక వచ్చింది. నా గుండె జారిపోయిందనుకో."

"దారిలో ఎక్కడ ఆగిందండీ ఆ మాట?"

"నన్నడుగుతావేంటి? గాలి నీది, కీళ్ళు నావి."

ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. చైర్మన్ గారి హోమం వెనకాల నిలబడింది.

గాలి ఒక్కటే, నోళ్ళు వేలు. ఒక యంత్రం మాట్లాడుతుంటే మిగతావన్నీ ఆగి వినాలి. రెండు ఒకేసారి నోరు విప్పితే రెండింటి మాటా గాలిలో కలిసిపోతుంది. చెరి కాసేపూ ఆగి మళ్ళీ మొదలెట్టాలి. ఎవరు ఎంతసేపు ఆగాలన్న దానికి ఇప్పుడు పెద్దా చిన్నా లేదు. ఇంటికొచ్చిన అల్లుడూ, చందాలవాడూ ఒకే బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నట్టుంది. ఇది మార్చాలి.

నమోదు 2

మార్చాను. నాలుగు వరసలు పెట్టాను.

మాట వరసలో ఫోన్లు, కీళ్ళు, బండ్లు. వీటికి చోటు కొంచెమే కావాలి, ఆలస్యం మాత్రం పనికిరాదు. కనుక రెప్పపాటు ఆగి మాట్లాడేస్తాయి. బొమ్మ వరసలో వీడియోలు. కాస్త ఆగినా పరవాలేదు. మామూలు వరసలో ఉత్తరాలు, పాఠాలు, బజారు ఆర్డర్లు. ఆఖరున తీరిక వరస. ఫోటోలు దాచుకోవడం, యంత్రాలు తమని తాము బాగుచేసుకోవడం లాంటివి, ఎవరూ మాట్లాడనప్పుడు నెమ్మదిగా కానిచ్చుకుంటాయి. ప్రతి సందేశం నుదుటా అది ఏ వరసదో ముద్ర ఉంటుంది. ముద్ర చూసి టవరు దారి వదులుతుంది.

హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ముందు వరసలోంచి ఒకాయన లేచి "మా వియ్యంకుడికి నేను ఫోన్ చేస్తే అది ఏ వరసవుతుందండీ?" అన్నారు.

"మాట వరసండి."

"అదేంటండీ, వియ్యంకుడి వరస కదండీ!"

హాలంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. తన ఫోటోలు తీరిక వరసలో పడ్డాయని తెలిసిన ఇంకొకాయన, "అంటే మేం పనీపాటా లేనోళ్ళమనాండీ?" అని అలిగి వెళ్ళిపోయాడు.

అయినా పని చేసింది. ఇడ్లీలు వేడిగా అందాయి. కీళ్ళు నూనె రాసినట్టు కదిలాయి. మా ఆయన ఇంటికొచ్చి "ఈ పూట నాకు పనే లేదు" అని పడుకున్నారు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు ఆయన గురక.

నమోదు 3

మా అత్తగారి ఫోన్ గురించి రాయాలి. ఊళ్ళో అన్నిటికంటే పొడుగాటి ఫోన్ ఆవిడదే.

అత్తగారి పేరు బంగారమ్మ. మేముండేది మొదటి తెప్ప మీద. ఆవిడ చెల్లెలు చిన్నమ్మలు గారు, కొడుకూ కోడలితో చిట్టచివర ఏడో తెప్ప మీద ఉంటారు. చిన్నమ్మలు గారికి పోయిన వేసవిలో పక్షవాతం వస్తే ఒడ్డున ఉన్న ఆస్పత్రిలో చాలాకాలం ఉండి వచ్చారు. అత్తగారికేమో మోకాళ్ళు. అందుకని పొద్దున లేవగానే ఫోన్ కలిపి పొయ్యి పక్కన పెట్టుకుంటారు. పడుకునేదాకా అది అలా కలిసే ఉంటుంది.

రోజూ భోజనాల దగ్గర చెల్లెలి అభిప్రాయాలు మాకు అందుతాయి.

"ఏమే నూకాలూ, నీ పులుసులో ఉప్పెక్కువైందంటోంది చిన్నమ్మలు."

"ఆవిడ తినలేదు కదత్తయ్యా."

"వాసన చెప్తే చాలదా దానికి? ఇంకోటి కూడా అంది. ఆ గాలి గదిలో కూచుని కూచుని నడుం లావైపోతోందంట నీకు."

అంత జబ్బు చేసి లేచిన మనిషి నా నడుం గురించి ఆలోచిస్తున్నారంటే బాగా కోలుకున్నట్టే. సంతోషించాను.

నమోదు 6

చైర్మన్ గారు గదికి వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. నా కుర్చీ అది, ఇంకోటి లేదు.

"అమ్మా రత్నం గారూ, నా ఆదివారం ప్రసంగం బొమ్మ వరసలో వేశారంట."

"వీడియో కదండీ."

"వీడియోలో నేను చేసేదేంటండీ? డాన్సాడుతున్నానా? మాట్లాడుతున్నాను. మాట్లాడేది మాట అవుద్దా, బొమ్మ అవుద్దా? మీరే చెప్పండి. ఆయ్."

తర్కం బాగానే ఉంది, అదే చిక్కు. పోనీ ఒక్క ప్రసంగమే కదా అని మాట ముద్ర వేశాను. వేసేటప్పుడే తప్పని తెలుసు. ఆయన లేస్తే కుర్చీలో కూర్చోవచ్చన్న ఆశ కూడా కొంత పనిచేసింది.

నమోదు 8

భయపడ్డట్టే జరిగింది. చైర్మన్ ప్రసంగం మాటైతే మా భజన మాట కాదా అని రెండో తెప్ప వచ్చింది. మా చర్చిలో వాక్యం మాట కాదా అని ఐదో తెప్ప వచ్చింది. సీరియల్లో కూడా అందరూ మాట్లాడుకుంటారని మహిళా సంఘం వచ్చింది. నేను ఎవరికీ ఇవ్వలేదు. ఖరాఖండిగా చెప్పాను.

వాళ్ళు నాతో గొడవ పడలేదు. తిన్నగా రిపేరు షాపు గవర్రాజు దగ్గరికి వెళ్ళారు.

గవర్రాజు షాపు ముందు కొత్త బోర్డు పెట్టాడు: "ఇచ్చట మాట ముద్ర వేయబడును. ఏ వస్తువుకైనా."

నేను వెళ్ళి అడిగాను. "గవర్రాజూ, ఇది న్యాయమేనా?"

"నేనేం చేశానండీ? గాలి పెట్టె మూత తీసి చిన్న మార్పు చేస్తున్నానంతే. అందరూ ముందుకి రావాలనుకోడం తప్పా అండి? మీ ఇంటి పెట్టె కూడా తెండి, మీకు ఊరికే చేసేస్తాను."

"అందరూ ముందుకొస్తే ఇక వెనకెవరుంటారు?"

"ఎవరూ ఉండక్కర్లేదండి. అదేగా అభివృద్ధి!"

నమోదు 11

మాట వరస కిక్కిరిసిపోయింది. ముద్ర దొంగదో అసలుదో టవరుకి తెలియదు. అది నుదురు చూస్తుందే తప్ప మొహం చూడదు.

చోటు ఎక్కడైనా మిగులుతుందేమోనని ఫోన్ల లెక్క తీశాను. ఫోన్లో మాట్లాడే మనిషి సగం సేపు మాట్లాడడు. అవతలివాడు చెప్పేది వింటాడు, ఆలోచిస్తాడు, తల గోక్కుంటాడు. ఆ మౌనాన్ని కూడా మూటగట్టి మోసుకెళుతున్నాం. దండగ కదా! అందుకని ఒక కత్తిరింపు పెట్టాను. నోట్లోంచి మాట వచ్చినప్పుడే పంపుతుంది. మాట లేనప్పుడు ఏమీ పంపదు. చిన్నాచితకా చప్పుళ్ళని కూడా మౌనం కిందే లెక్కేస్తుంది.

బోలెడు చోటు కలిసొచ్చింది. ఈ ఊహ నాకు ముందే ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే మెచ్చుకుని, టీ పెట్టుకున్నాను.

నమోదు 12

ఫిర్యాదు వచ్చింది. పంపినవారు: బంగారమ్మ, మొదటి తెప్ప. అంటే పక్క గది. మా అత్తగారు నాతో మాట్లాడటం మానేసి మున్సిపాలిటీ ద్వారా రాస్తున్నారు.

"అయ్యా, మా చెల్లెలు మధ్యమధ్యలో మాయమైపోతోంది. ఇది మీ గాలి గదివాళ్ళు కావాలని చేస్తున్న పని. మా ఇంట్లోనే ఒక మనిషి మీద నాకు అనుమానంగా ఉంది."

లైను పరీక్షించాను. తెగలేదు. తెగలేదని జవాబు రాసి పంపాను. పక్క గదిలో అది అందిన చప్పుడు, ఆ వెంటనే గరిటె విసిరిన చప్పుడు వినిపించాయి.

రాత్రి భోజనాల దగ్గర కొడుకు వైపు చూస్తూ, "చిన్నమ్మలు అంటోంది, కొంతమంది కోడళ్ళకి చదువెక్కువై మనసు తక్కువైందంట" అన్నారు.

ఆ మాట ఫోన్లో అందిందంటే లైను బాగానే ఉన్నట్టు కదా అనుకున్నాను. మా ఆయన పులుసులో మునిగి తలెత్తలేదు.

నమోదు 15

ఇవాళ మాట ముద్ర లేని వస్తువు ఊళ్ళో లేదు. ఫ్రిజ్జులు తమలో ఎన్ని గుడ్లున్నాయో మాట వరసలో చెబుతున్నాయి. మూడో తెప్ప మీద ఒక కుక్క మెడపట్టీ, కుక్క ఎక్కడ పడుకుందో అత్యవసరంగా ప్రకటిస్తోంది. కుక్క కదలడం లేదు.

మాట వరసలో ఉన్నవి ఆగేది రెప్పపాటే. అందరూ రెప్పపాటే ఆగితే అందరూ ఒకేసారి నోరు తెరుస్తారు. అందరి మాటా పోతుంది. మళ్ళీ రెప్పపాటు ఆగి, మళ్ళీ అందరూ అరుస్తారు. అందరూ మొదటివాళ్ళైపోయిన ఊళ్ళో ఎవరి మాటా ఎవరికీ అందడం లేదు. చైర్మన్ గారి ప్రసంగం "ప్రియమైన తేలు" దగ్గర ఆగిపోయింది.

కీళ్ళ మాటలు తప్పిపోతున్నాయి. మా ఆయనా, ఆయన మనుషులూ ప్రతి కీలు దగ్గరా నిలబడి అల చూసి చేత్తో వదులు చేస్తున్నారు. సముద్రం నెమ్మదిగా ఉంది కాబట్టి సరిపోతోంది.

"పెద్ద అల వస్తే?" అన్నాను.

"పెద్ద అలకి చెయ్యి చాలదు రత్నం. కన్ను చూసి చెయ్యి కదిలేలోపు ఇనుము విరిగిపోద్ది."

దొంగ ముద్రలన్నీ తీయించమని చైర్మన్ గారికి అర్జీ పెట్టాను. ఎన్నికలయ్యాక చూద్దామన్నారు. ఎన్నికలెప్పుడండీ అంటే, అదీ చూద్దామన్నారు.

నమోదు 16

ఇది జరిగిన మర్నాడు రాస్తున్నాను. నిన్న రాసే తీరిక లేకపోయింది.

తుఫాను మా మీదికి రాలేదు, ఎక్కడో దూరంగా పోయింది. దాని పొడుగాటి అలలు మాత్రం ఇటు బయలుదేరాయని వాతావరణం వాళ్ళు చెప్పారు. మధ్యాహ్నానికల్లా ఏడో తెప్పకి తగులుతాయన్నారు. ఏడో తెప్ప అంటే చిన్నమ్మలు గారుండేది.

కీళ్ళకి గాలి కావాలి. గాలి ఖాళీ కావాలంటే ఇళ్ళల్లో పెట్టెలన్నీ ఆగాలి. వాటిని నా గదిలోంచే ఆపవచ్చు. కానీ ఆ ఆజ్ఞ కూడా గాలిలోనే వెళ్ళాలి. పంపాను. అది కూడా ఆ గుంపులో తప్పిపోయింది.

పరుగెత్తుకుంటూ చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నిజంగానే కంగారుపడ్డారు. "నాకొదిలేయండి. ఐదు నిమిషాల్లో ఊరంతటికీ చెప్తాను" అని లోపలికెళ్ళి, కండువా మార్చుకుని, అందరూ తక్షణం వీడియోలు చూడటం ఆపాలని కోరుతూ వీడియో తీసి, వెనకాల సంగీతం పెట్టి, మాట ముద్ర వేసి, అన్ని ఇళ్ళకీ పంపేశారు. నేను చెయ్యి పట్టుకునేలోపే మీట నొక్కేశారు.

కొనవూపిరితో ఉన్న గాలి అంతటితో పూర్తిగా స్తంభించింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నారు. అవతల ఏమీ లేదని ఆవిడ మొహమే చెబుతోంది.

"అత్తయ్యా, పెద్ద అలలొస్తున్నాయి. అందరూ పెట్టెలు కట్టేస్తేనే కీళ్ళు పనిచేస్తాయి. ముందు మన పెట్టె కట్టేయాలి."

"దాని అలికిడి తెలియకుండా ఇప్పుడు కట్టేయమంటావేంటే? మొదటి దెబ్బ దానికే తగుల్తుంది."

"అందుకేనత్తయ్యా."

ఆవిడ నా వైపు చూశారు. కొన్నాళ్ళుగా నా మొహం చూడని మనిషి. తర్వాత ఫోన్లోకి వంగి, "చిన్నమ్మలూ, ఉండవే, మళ్ళీ కలుపుతాను" అని, గోడ మీద మీట తనే దింపేశారు.

"ఊరికి చెప్పాలి కదా. ఎలా చెప్తావు?"

"ఇంటింటికీ పరిగెత్తుతాను."

"నువ్వు ఏడో తెప్ప చేరేసరికి ఏడో తెప్ప ఉండదు. పద, నన్ను నీళ్ళ ట్యాంకు మీదికెక్కించు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ వయసులో ఉండగా బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ చేపలమ్మినవాళ్ళు. మోకాళ్ళు పోయాయి గానీ గొంతు పోలేదు. నేను వెనకనుంచి తోస్తుంటే ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు తిడుతూ ఎక్కారు. పైకెక్కి, నడుం మీద చేతులు పెట్టి, ఊపిరి తీసుకున్నారు.

"గాలి ఆపండర్రోయ్! పెట్టెలు కట్టేయండర్రోయ్! తెప్పలు లేస్తన్నాయ్!"

నా చెవులు గింగురుమన్నాయి. రెండో తెప్ప మీద జనం బయటికొచ్చారు. వాళ్ళల్లో గట్టి గొంతున్నవాళ్ళు మూడో తెప్పకి అందించారు. మొదట అందరూ కలిసి అరిచేసరికి అక్కడివాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. అత్తగారు ట్యాంకు మీదనుంచి, "ఒకళ్ళ తర్వాత ఒకళ్ళర్రా, ఏడుపుగొట్టు మొహాల్లారా!" అని గదమాయించాక ఒక్క గొంతే వినపడింది. మాట ముందుకి కదిలింది.

అది ఏమై కదిలిందో నాకు తర్వాత తెలిసింది. మూడో తెప్ప మీద "గాలొచ్చింది, పెట్టెలు కట్టేయండి" అయింది. ఐదో తెప్పకి చేరేసరికి "పెట్టెల్లో గాలి దూరింది, అందుకే తెప్పలు లేస్తన్నాయ్" అయింది. ఏడో తెప్ప వాళ్ళు దాన్ని గాలి సోకిందన్న ఒకటే అర్థంలో తీసుకున్నారు. ఊళ్ళో ఫోన్లన్నీ కొన్నాళ్ళుగా మూగబోయి, ఉన్నట్టుండి గుర్రుమనడానికి కారణం ఇదా అనుకున్నారు. దయ్యం పట్టిందన్న మాటకి ఉన్న వేగం నా ఆజ్ఞలకి ఏనాడూ లేదు. పిల్లా పెద్దా పరిగెత్తి మీటలు దింపేశారు. సముద్రం మీద వేపచెట్లు ఎక్కడివి? కుండీల్లో కరివేపాకు కోసి పెట్టెలకి కట్టారు. ఒకావిడ ఫ్రిజ్జుకి ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది.

నేను గాలి గదిలోకి వచ్చి చూసేసరికి తెర మీద గీతలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. కుక్క మెడపట్టీ ఆఖరున ఆగింది. తర్వాత ఒక్క క్షణం ఏమీ లేదు. నా ఉద్యోగంలో ఇంత ఖాళీ గాలి ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు ఏడో తెప్ప అంది, "లేచాను."

ఆరో కీలు వదులైంది. ఆరో తెప్ప "లేచాను" అంది. ఏడోది "దిగాను" అంది. ఐదోది, నాలుగోది. నిద్రపోయే మనిషి ఛాతీలా ఊరు వరసగా లేచి దిగింది. నా కాళ్ళ కింద మొదటి తెప్ప కూడా లేచింది. వంటింట్లో గిన్నెలు దొర్లాయి. పులుసు పోయింది. మళ్ళీ ఇంకో అల. మళ్ళీ ఇంకోటి. పొద్దువాలేదాకా వస్తూనే ఉన్నాయి. ఒక్క కీలూ విరగలేదు.

మా ఆయన నిలువునా తడిసి ఇంటికొచ్చారు. "ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. అత్తగారు అప్పటికింకా ట్యాంకు మీదే ఉన్నారు. ఎక్కడమే తెలుసు, దిగడం తెలియదు.

నమోదు 17

ఈ పూట ఎవరూ పెట్టెలు తెరవలేదు. దయ్యం వదిలిందని ఎవరైనా చెప్పాలి కదా! గాలి ఖాళీగా ఉండటంతో ఇడ్లీ బండి రాజాలా తిరుగుతోంది. అత్తగారిని దాని మీద కూర్చోబెట్టి ఏడో తెప్పకి తీసుకెళ్ళాను. దారి పొడుగునా జనం దణ్ణాలు పెట్టారు. ఇడ్లీలు అడిగినవాళ్ళకి ఆవిడే వడ్డించారు.

చిన్నమ్మలు గారు కిటికీ పక్క మంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నారు. అక్కని చూసి చెయ్యి చాపారు. అత్తగారు వెళ్ళి పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఎంతసేపటికీ మాట్లాడుకోలేదు.

నేను వాళ్ళ కోడలు సుభద్రని అడిగాను. "మీ అత్తగారికి నా మీద కోపమా? నన్ను చూసి మాట్లాడట్లేదు."

"అదేంటక్కా? ఆస్పత్రి నుంచి వచ్చిన కాణ్ణించీ ఆవిడకి మాట లేదు కదా. చెవులు బాగానే వినపడతాయి. మాటే పోయింది. మీ అత్తగారు చెప్పలేదా?"

నేను గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి చూశాను.

పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ లైన్లో వెళ్ళినదంతా ఫ్యాను చప్పుడు, దగ్గు, మంచం కిర్రు, వక్క తెగిన చప్పుడు. ఆ చప్పుళ్ళే చిన్నమ్మలు గారు. నా కత్తిరింపు వాటిని మౌనం కింద లెక్కేసి పారేసింది. నోట మాట వస్తేనే పంపమన్నాను. ఆవిడకి నోట మాట రాదు. ఆవిడ మాయమైపోతోందని అత్తగారు సరిగ్గా ఉన్నదున్నట్టే రాశారు. తెగలేదని నేను జవాబిచ్చాను.

తిరిగి వచ్చేటప్పుడు బండి పక్కన నడుస్తూ, "నాకు చెప్పాల్సింది కదత్తయ్యా" అన్నాను.

"ఏం చెప్పనే? దానికి మాట పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్తే అందరూ అయ్యో అంటారు. అది అయ్యో అనిపించుకునే మనిషి కాదు."

కాసేపు నడిచాక అసలు సంగతి తట్టింది.

"మరి నా పులుసులో ఉప్పెక్కువని ఎవరన్నారు?"

అత్తగారు సముద్రం వైపు తిరిగారు.

"నా నడుం గురించి?"

"దానికి మాటుంటే అదే అనేది" అన్నారు. "నాకు తెలీదా దాని సంగతి?"

నమోదు 18

హాల్లో మీటింగు. దయ్యం సంగతి ముందు తేల్చారు. పెట్టెల్లో దయ్యం లేదని నేనన్నాను. ఉందని ఏడో తెప్ప అంది. చివరికి, దొంగ ముద్ర ఉన్న పెట్టెలోకే అది వస్తుందని మా ఆయన సెలవిచ్చారు. ఆయన అబద్ధమాడటం నేను మొదటిసారి చూశాను. అందరూ పెట్టెలు పట్టుకుని గవర్రాజు షాపుకి బయలుదేరారు. అతను బోర్డు తిప్పి రెండోవైపు "ఇచ్చట ముద్రలు తీయబడును" అని రాసుకున్నాడు.

చైర్మన్ గారు మాత్రం నా కుర్చీ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "నా ప్రసంగం తీరిక వరసలోనే వేసేయండమ్మా" అన్నారు. మొహం నిజంగానే చిన్నబోయింది. "ఆయ్. మొన్న ఆ వీడియో వల్ల ఊరు మునిగేది కదండీ!" వెంటనే, "తీరిక వరసలో ఎప్పటికి అందుద్దంటారు?" అన్నారు.

"ఎవరికీ ఏ పనీ లేనప్పుడండి."

"అయితే శ్రద్ధగా వింటారు" అని ఆయన తృప్తిపడ్డారు.

తర్వాత నేను లేచి నా కత్తిరింపు సంగతి చెప్పాను. ఎందుకు తీసేస్తున్నానో చెప్పలేదు. ఫోన్లో మాట లేనప్పుడు కూడా చప్పుళ్ళన్నీ ఉన్నవున్నట్టు పంపుతామన్నాను. ఒకాయన, "ఊరికే ఉన్నదాన్ని కూడా మాట వరసలో మోయాలాండీ?" అన్నారు. మోస్తామన్నాను. ఫ్రిజ్జుల గుడ్లు పోయాక చోటు బోలెడుంది.

నమోదు 19

సాయంత్రం వంటింట్లోంచి అత్తగారు పిలిచారు. మున్సిపాలిటీ ద్వారా కాదు, నోటితోనే.

"ఏమే, ఇటు రా. ఇది విను."

ఫోన్ నా చెవి దగ్గర పెట్టారు. ఫ్యాను తిరుగుతోంది. దూరంగా ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. టక్. కాసేపటికి మళ్ళీ టక్.

"వక్కలు కత్తిరిస్తున్నారు" అన్నాను.

"అది తెలుస్తూనే ఉంది. ఎలా కత్తిరిస్తోందో విను. కోపంగా ఉంది."

"ఎవరి మీద?"

"నా మీదే. అలలొచ్చిన రోజు ఉండవే అని చెప్పే కట్టేశాను. ఆ గోలలో దానికి వినపడినట్టు లేదు. మొన్న వెళ్ళినప్పుడు నువ్వు పక్కనున్నావని ఊరుకుంది. ఇప్పుడు చూపిస్తోంది."

టక్. ఈసారి నాకు కూడా కోపంగానే వినిపించింది.

"ఇప్పుడేం చేస్తారు?"

అత్తగారు బాండీలో నూనె వేసి, కాగాక ఆవాలు వేశారు. చిటపటమన్నాయి. ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. సుయ్యిమంది. అప్పుడు ఫోన్ తీసుకుని, మూతికి కాకుండా బాండీకి దగ్గరగా పట్టుకుని నిలబడ్డారు.

అవతల అడకత్తెర ఆగింది.